ఇసుక గుంట చరిత్ర – 9: టోక్యోలో గెలుపు ఎవరిది?

1991 ఆగస్టు 30 సాయంత్రం టోక్యో నేషనల్ స్టేడియంలో మూడో ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ పురుషుల లాంగ్‌జంప్ ఫైనల్ జరిగింది. అమెరికాకు చెందిన మైక్ పావెల్ ఐదో ప్రయత్నంలో 8.95 మీటర్లు దూకాడు. 1968లో మెక్సికో సిటీలో బాబ్ బీమన్ నెలకొల్పిన 8.90 మీటర్ల రికార్డు దాదాపు 23 ఏళ్ల తర్వాత చెరిగిపోయింది. పావెల్ రికార్డు ఇవాళ్టికీ నిలిచే ఉంది. ఈ కథ ఇక్కడితో ముగిస్తే అందులో రెండో మనిషి ఉండడు. ఆ రెండో మనిషి కార్ల్ లూయిస్. అదే రోజు, అదే గుంటలో లూయిస్ దూకిన దూరాలను వరుసగా రాసి చూడాలి. మొదటిది 8.68, రెండోది ఫౌల్, మూడోది 8.83, నాలుగోది 8.91, ఐదోది 8.87, ఆరోది 8.84. అప్పటికి అతని అత్యుత్తమ దూరం 8.79. అంటే ఒకే సాయంత్రం నాలుగుసార్లు తన జీవితంలోని అత్యుత్తమ దూరాన్ని దాటాడు. వాటిలో రెండింటికి వెనక గాలి రికార్డుకు అనుమతించే హద్దు మీరి వీచింది, రెండింటికి హద్దులోపలే ఉంది. లాంగ్‌జంప్ చరిత్రలో ఒక మనిషి ఒక పోటీలో అంతటి వరుస దూకలేదు. అయినా అతను ఓడాడు. అంతకుముందు వరుసగా 65 పోటీల్లో ఓటమి లేని మనిషి నాలుగు సెంటీమీటర్ల తేడాతో ఓడిపోయాడు.

ఇక పావెల్ వరుస చూద్దాం. 7.85, 8.54, 8.29, ఫౌల్, 8.95, ఫౌల్. అతని రెండో అత్యుత్తమ దూరం 8.54. లూయిస్ లెక్కకు వచ్చిన దూకుల్లో అన్నిటికంటే తక్కువది 8.68. పావెల్ దూకిన ఆ ఒక్క దూకును పక్కన పెడితే, ఆ సాయంత్రం లూయిస్ దూకిన ప్రతి దూరమూ పావెల్ దూరాలన్నిటికంటే ఎక్కువే. లెక్కకు వచ్చిన దూకుల సగటు తీస్తే లూయిస్‌ది 8.83, పావెల్‌ది 8.41. సగటులో 42 సెంటీమీటర్లు వెనకబడిన మనిషి విజేత అయ్యాడు, ముందున్న మనిషి వెండి పతకంతో వెళ్లాడు. ఈ నియమం న్యాయమైనదేనా అన్నదే ఈ భాగంలో నేను పట్టుకున్న ప్రశ్న. నా జవాబు అవుననే. అయితే ఆ జవాబుకు ఒక షరతుంది. దాన్ని మరచిన చోట ఈ నియమం నిజంగానే అన్యాయంగా మారుతుంది.

పల్నాడు పాఠకుడికి ఈ ప్రశ్న కొత్తది కాదు. మన నేల మీద రెండు రకాల పందాలు తరతరాలుగా ఉన్నాయి. ఒకటి కోడిపందెం. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య కోడిపందెం పెట్టి, ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని కట్టుకున్న పందెం పల్నాటి కథలో ఎంత కీలకమో చెప్పనక్కర్లేదు. మాచర్ల మలిదేవరాజు పక్షం ఓడి అడవుల పాలైంది. కారంపూడి యుద్ధానికి దారి అక్కడే తెరుచుకుంది. రెండోది ఎడ్ల బండలాగుడు. నరసరావుపేట చుట్టుపక్కల తిరునాళ్లలోనూ పండుగల్లోనూ ఒంగోలు జాతి ఎడ్ల జతలు బండను లాగుతాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. ఇచ్చిన సమయంలో జత ఎన్నిసార్లు మలుపు తిరిగినా, మొత్తం ఎన్ని అడుగుల దూరం లాగిందన్నదే లెక్క. ఒక లాగులో జత ఎంత ఉరికిందని ఎవరూ అడగరు. బండలాగుడు పద్ధతిలో టోక్యో ఫైనల్‌ను తూచి చూస్తే లూయిస్ మొత్తం 44.13 మీటర్లు, పావెల్ మొత్తం 33.63 మీటర్లు. కోడిపందెం పద్ధతిలో, అంటే ఒక్కటే ప్రయత్నం ఇచ్చి చూసినా, మొదటి దూకులో లూయిస్ 8.68, పావెల్ 7.85. రెండు పద్ధతుల్లోనూ గెలుపు లూయిస్‌దే. లాంగ్‌జంప్ నియమం మాత్రం ఈ రెండింటికీ చెందదు. ఆరు అవకాశాలు ఇస్తుంది, వాటిలో ఒక్కటే, అన్నిటికంటే పెద్దదే లెక్క వేస్తుంది. ఈ మూడో పద్ధతి ఎందుకు పుట్టిందో, ఎందుకు నిలిచిందో తెలియాలంటే దూకడం ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూడాలి.

చూసేవాళ్లకు లాంగ్‌జంప్ అంటే గాల్లో గడిచే ఆ ఒక్క సెకను. దూకేవాళ్లకు అది ప్రధానంగా పరుగు. అగ్రశ్రేణి జంపర్ దాదాపు 50 మీటర్ల దూరం నుంచి, ఇరవై పైచిలుకు అంగల్లో, సెకనుకు సుమారు 11 మీటర్ల వేగానికి చేరి బోర్డు మీద కాలు మోపుతాడు. ఆ బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు. దూరాన్ని కొలిచేది కాలు లేచిన చోటు నుంచి కాదు, బోర్డుకు ఇసుక గుంట వైపున ఉన్న అంచు నుంచి. కాలు అంచుకు పది సెంటీమీటర్లు వెనక పడితే ఆ పది సెంటీమీటర్లు దూకినా లెక్కలోకి రావు. అంచు దాటి వెంట్రుకవాసి ముందుకు పోతే మొత్తం దూకే పోతుంది. లూయిస్ నాలుగో దూకుకూ పావెల్ ఐదో దూకుకూ మధ్య తేడా నాలుగు సెంటీమీటర్లని చెప్పాను కదా, అది బొటనవేలి పొడవు కూడా లేదు. పరుగులో ఒక్కో అంగ 2 మీటర్లు మించి ఉంటుంది. ఇరవై అంగల చివర పాదం ఎక్కడ పడుతుందన్నది నాలుగు సెంటీమీటర్ల లోపు ఖాయం చేసుకోగలిగే మనిషి లేడు. కనుక ప్రతి దూకులోనూ జంపర్ తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంటుంది: అంచుకు ఎంత దగ్గరికి వెళ్లాలి?

ఇక్కడే సగటు పద్ధతి, మొత్తం పద్ధతి రెండూ చిక్కులో పడతాయి. ఆరు దూకుల మొత్తం లెక్క వేస్తామని నియమం పెడితే ఫౌల్ సున్నా అవుతుంది. ఒక్క సున్నాతో ఎనిమిదిన్నర మీటర్లు పోతాయి. ఆ భయంతో ప్రతి జంపర్ తన పరుగు గుర్తును ఓ పది పదిహేను సెంటీమీటర్లు వెనక్కి జరుపుకుంటాడు. అందరూ జాగ్రత్తగా దూకుతారు, అందరి దూకులూ లెక్కకు వస్తాయి, పోటీ సాఫీగా ముగుస్తుంది. కానీ మనిషి ఎంత దూరం దూకగలడన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే పోతుంది. పావెల్ నాలుగో దూకు ఫౌల్, ఆరో దూకు ఫౌల్. మధ్యలో ఉన్న ఐదోది 8.95. ఆ మూడింటినీ విడదీసి చూడకూడదని నా అభిప్రాయం. అంచుకు అంత దగ్గరగా పోవడానికి తెగించినందుకే రెండు పోయాయి, అందుకే ఒకటి దక్కింది. ఎడ్ల జత విషయంలో ఈ తర్కం వర్తించదు, ఎందుకంటే అక్కడ కొలిచేది నాగలికీ బండికీ పనికొచ్చే నిలకడైన బలాన్ని. సేద్యంలో ఒక్క లాగు గొప్పగా లాగి కూలబడే ఎద్దు ఎవరికీ అక్కర్లేదు. అందువల్ల ఆ పందానికి మొత్తం అడుగుల లెక్కే సరైనది. లాంగ్‌జంప్ అడిగే ప్రశ్న వేరు. హద్దు ఎక్కడుందని అడుగుతుంది. హద్దును చూపించేది అత్యంత దూరమైన దూకే తప్ప సగటు దూకు కాదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఒక్క దూకును పట్టుకుంటే కాకతాళీయానికి కిరీటం పెట్టినట్టు కాదా? ఈ మాట అనేవాళ్లు తప్పక బీమన్‌ను చూపిస్తారు. 1968 అక్టోబర్ 18న మెక్సికో సిటీలో, సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో, పలుచటి గాలిలో, అనుమతించిన గరిష్ఠ హద్దు అయిన సెకనుకు 2.0 మీటర్ల వెనక గాలితో అతను మొదటి ప్రయత్నంలోనే 8.90 దూకాడు. అప్పటి ప్రపంచ రికార్డు 8.35. ఒక్క దెబ్బతో 55 సెంటీమీటర్లు పెరిగింది. కొలవడానికి పెట్టిన పరికరం అంత దూరం అందుకోలేక అధికారులు స్టీలు టేపు తెప్పించాల్సి వచ్చింది. ఆ తర్వాత బీమన్ జీవితంలో ఎప్పుడూ 8.22 దాటలేదు. పైగా అర్హత పోటీలో మొదటి రెండు ప్రయత్నాలూ ఫౌల్ చేసి, మూడోదానితో బయటపడ్డాడు. ఇంతకంటే కాకతాళీయం ఇంకేముంటుందని వాదన. వినడానికి బలంగానే ఉంటుంది. అయితే అదే సంవత్సరం బీమన్ పాల్గొన్న 23 పోటీల్లో 22 గెలిచాడన్న సంగతి ఈ వాదనలో కనిపించదు. గాలి సాయంతో 8.39 కూడా దూకి ఉన్నాడు. మెక్సికో ఫైనల్లో అతని రెండో దూకు 8.04, తర్వాత ఇక దూకలేదు. ఆ రెండింటి సగటు తీసినా 8.47 వస్తుంది. రెండో స్థానంలో నిలిచిన తూర్పు జర్మనీకి చెందిన క్లౌస్ బియర్ అత్యుత్తమ దూకు 8.19. అంటే సగటు లెక్కన చూసినా ఆ రోజు గెలుపు బీమన్‌దే. ఎత్తు ప్రదేశం, పలుచటి గాలి అందరికీ ఒక్కటే కదా. పాత రికార్డును పంచుకున్న రాల్ఫ్ బోస్టన్, ఇగోర్ తెర్-ఒవనేసియన్ ఇద్దరూ అదే గుంటలో దూకారు. బోస్టన్‌కు 8.16తో మూడో స్థానం దక్కింది. కాకతాళీయమే అయితే అది అందరిలో అతనికే, అందరికంటే అంత దూరంగా ఎందుకు వచ్చిందో చెప్పాలి.

గాలి గురించి విడిగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే టోక్యో ఫైనల్ మీద వచ్చే సందేహాల్లో సగం ఇక్కడివే. లూయిస్ 8.91 దూకినప్పుడు వెనక గాలి సెకనుకు 2.9 మీటర్లు. 2.0 దాటితే అది రికార్డుగా చెల్లదు. కానీ పోటీలో స్థానం నిర్ణయించడానికి చెల్లుతుంది. ఈ తేడా చాలామందికి తెలియదు. లూయిస్ ఆ దూకుతో 8.96 చేరి ఉంటే, ప్రపంచ రికార్డు పావెల్ పేర ఉండి, ప్రపంచ చాంపియన్ లూయిస్ అయ్యేవాడు. పావెల్ 8.95కు వీచిన గాలి సెకనుకు 0.3 మీటర్లే. గాలి వరం ఎవరికైనా దక్కిందంటే అది ఓడినవాడికే. గాలి ఎంత కఠినంగా లెక్కలోకి వస్తుందో 1995లో క్యూబా జంపర్ ఇవాన్ పెద్రోసోకు తెలిసింది. ఇటలీలోని సెస్ట్రియేర్‌లో అతను 8.96 దూకాడు, గాలి హద్దులోనే ఉందని పరికరం చూపింది. కానీ గాలి కొలిచే పరికరం ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడని తేలి, ఆ రికార్డును ఆమోదించలేదు. ఒక్క దూకును ప్రమాణంగా తీసుకునే నియమం ఆ ఒక్క దూకును ఎంత అనుమానంగా పరీక్షిస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇంకొందరు మరోలా అడుగుతారు. సరే, హద్దును వెతికే పోటీ అనుకుందాం. అప్పుడు నిలకడకు విలువ లేదా? లూయిస్ సాధించిన ఆ వరుస వృథాయేనా? ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. లూయిస్ ఆ వారంలోనే, ఆగస్టు 25న, ఇదే స్టేడియంలో 100 మీటర్ల పరుగును 9.86 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఐదు రోజుల తర్వాత చరిత్రలో ఎవరూ చేయని దూకుల వరుస చేశాడు. పరుగులో లూయిస్ పావెల్ కంటే వేగం. గాల్లోకి లేచే కోణంలో పావెల్ మెరుగు. జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఫైనల్‌ను చిత్రీకరించి లెక్కగట్టిన దాన్నిబట్టి పావెల్ సుమారు 23 డిగ్రీల కోణంలో లేచాడు, లూయిస్ సుమారు 18 డిగ్రీల కోణంలో. వేగాన్ని కొంత వదులుకుని ఎత్తు తెచ్చుకున్నాడు పావెల్. ఇద్దరూ రెండు వేర్వేరు దారుల్లో దాదాపు ఒకే చోటికి చేరారు. అయితే నిలకడకు తీర్పు చెప్పే వేదిక ఒక సాయంత్రం జరిగే ఫైనల్ కాదు, దానికి కొన్నేళ్ల కాలం కావాలి. 1984 లాస్ ఏంజెలెస్, 1988 సియోల్, 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా – నాలుగు ఒలింపిక్స్‌లో వరుసగా లాంగ్‌జంప్ బంగారం లూయిస్‌దే. టోక్యో తర్వాత ఏడాదికే బార్సిలోనాలో 8.67తో పావెల్‌ను మూడు సెంటీమీటర్ల తేడాతో వెనక్కి నెట్టాడు. పావెల్ కూడా ఒక్కరోజు మనిషి కాదు. సియోల్‌లో వెండి, బార్సిలోనాలో వెండి, 1993 స్టట్‌గార్ట్‌లో మళ్లీ ప్రపంచ చాంపియన్. ఇద్దరికీ దక్కవలసింది దక్కింది. ఒకరికి దూరం, మరొకరికి కాలం. లూయిస్‌ను టోక్యోలో ఓడినవాడిగానే గుర్తుపెట్టుకునే వార్తా చరిత్ర అతనికి అన్యాయం చేసింది. ఆ తప్పును నియమం మీద రుద్దలేం.

పైగా నియమం మిగతా దూకులను పూర్తిగా విస్మరించదు. ఇద్దరి అత్యుత్తమ దూరాలూ సమానమైతే రెండో అత్యుత్తమ దూరం చూస్తారు. ఇది ఎప్పుడో ఒకసారి పనికొచ్చే కాగితపు నిబంధన కాదని మనకు బాధాకరంగా తెలిసింది. 2021 ఆగస్టు 2న, మళ్లీ టోక్యోలోనే, ఒలింపిక్స్ ఫైనల్లో గ్రీసు జంపర్ మిల్తియాదిస్ తెంతోగ్లూ, క్యూబా జంపర్ హువాన్ మిగెల్ ఎచెవరియా ఇద్దరూ 8.41 దూకారు. రెండో అత్యుత్తమ దూరంలో తెంతోగ్లూది 8.15, ఎచెవరియాది 8.09. ఆరు సెంటీమీటర్లతో బంగారం గ్రీసుకు వెళ్లింది. ఏడాది తర్వాత, 2022 ఆగస్టు 4న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన దేశానికి చెందిన మురళీ శ్రీశంకర్‌కు ఇదే జరిగింది. పాలక్కాడ్ కుర్రాడు ఐదో ప్రయత్నంలో 8.08 దూకాడు. బహామాస్‌కు చెందిన లక్వాన్ నైర్న్ కూడా 8.08. నైర్న్ రెండో అత్యుత్తమం 7.98, శ్రీశంకర్‌ది 7.84. కామన్వెల్త్ క్రీడల చరిత్రలో లాంగ్‌జంప్‌లో వెండి తెచ్చిన తొలి భారత పురుషుడు అతనే. 1978లో ఎడ్మంటన్‌లో సురేశ్ బాబు కంచు తెచ్చాడు. బంగారం మాత్రం రెండో అత్యుత్తమ దూకు వల్ల చేజారింది. ఈ ఫలితం నాకు బాధ కలిగించినా, నియమం మీద నా నమ్మకాన్ని పెంచింది. హద్దు సమానమైతే అప్పుడే, అప్పుడు మాత్రమే, నిలకడను అడుగుతోంది. రెండు ప్రశ్నలకూ ఏ వరుసలో విలువ ఇవ్వాలో అది సరిగ్గా ఇచ్చింది.

ఇక మొదట్లో చెప్పిన షరతు. ఒక్క దూకును లెక్క వేయడం న్యాయమయ్యేది దాని వెనక ఆరు అవకాశాలు ఉన్నప్పుడే. ఎనిమిది మందికి మించి పోటీదారులుంటే అందరికీ మూడు ప్రయత్నాలు, ముందు నిలిచిన ఎనిమిది మందికి మరో మూడు – ఈ అమరికే అదృష్టం పాలును తగ్గిస్తుంది. బీమన్‌కు అర్హతలో మూడో ప్రయత్నం లేకపోతే 8.90 లేదు. పావెల్‌ను నాలుగో దూకుతో ఆపేసి ఉంటే 8.95 లేదు. శ్రీశంకర్ వెండి ఐదో ప్రయత్నంలో వచ్చింది. టెలివిజన్ కోసం పోటీని ఉత్కంఠగా మార్చాలని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ డైమండ్ లీగ్‌లో కొంతకాలం ఒక ప్రయోగం చేసింది. ఐదు రౌండ్ల తర్వాత ముందున్న ముగ్గురు మాత్రమే ఆరోసారి దూకాలి, ఆ ఒక్క ఆరో దూకే తుది స్థానాలను నిర్ణయిస్తుంది. అప్పుడు రోజంతటిలో అత్యంత దూరం దూకినవాడు కూడా ఓడిపోవచ్చు. ఆటగాళ్లు గట్టిగా వ్యతిరేకించారు, సరిగ్గానే వ్యతిరేకించారు. అది ఈ ఆటను తెచ్చి కోడిపందెం బరిలో నిలబెట్టడమే. 2024లో ఇంకో ప్రతిపాదన వచ్చింది. బోర్డు అంచు బదులు ఒక విశాలమైన పట్టీ పెట్టి, కాలు ఎక్కడ లేస్తే అక్కడి నుంచే కొలవాలని. 2023 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దాదాపు మూడోవంతు దూకులు ఫౌల్ అయ్యాయన్నది వాళ్ల కారణం. లూయిస్ దీన్ని ఎద్దేవా చేశాడు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఫౌల్ ఈ ఆటకు పట్టిన జబ్బు కాదు, తెగింపుకు కట్టే సుంకం. దాన్ని తీసేస్తే పరుగు చివర పాదాన్ని సరైన చోట మోపే విద్య అక్కర్లేకుండా పోతుంది.

ఈ షరతు అంతర్జాతీయ పోటీలకంటే ఎక్కువగా వర్తించేది కింది స్థాయిలో. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఎంపికలు జిల్లా స్థాయిలో జరగాలి, అక్కడ నెగ్గినవాళ్లే రాష్ట్ర స్థాయికి పోవాలి. పిల్లలు ఎక్కువై, పొద్దు చాలక, ప్రయత్నాలు కుదిస్తే ఏమవుతుందో ఆలోచించాలి. గురజాల నుంచో మాచర్ల నుంచో వచ్చిన కుర్రాడికి పరుగు గుర్తు సరిచూసుకోవడానికే ఒక దూకు పోతుంది. కొత్త రన్‌వే మీద, కొత్త బోర్డు మీద, మొదటి ప్రయత్నం ఎంత మేటికైనా పరీక్షే. పావెల్ మొదటి దూకు 7.85, అతని అత్యుత్తమ దూరానికి 1.10 మీటర్లు తక్కువ. ఒక్క దూకుతో తేల్చే పోటీలో పావెల్ ఎంపికే కాడు. కొలతకు మనుషులు లేరని, టేపు పట్టేవాళ్లు లేరని ప్రయత్నాలు తగ్గించే నిర్వాహకుడు తెలియకుండానే నియమాన్ని మార్చేస్తున్నాడు. సమయం ఆదా చేయాలంటే మూడు ప్రయత్నాల తర్వాత ఎనిమిది మందికి కుదించే నిబంధన ఉంది. ఆ నిబంధన ఉన్నదే అందుకు.

ఒక్క దూకు కోసం ఆరు అవకాశాలు ఎంత అవసరమో చూశాం. ఒక రికార్డు కోసం దేశానికి ఎన్ని అవకాశాలు అవసరమో అన్నది దీనికి పక్కనే ఉన్న ప్రశ్న. 1974లో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో కేరళకు చెందిన టి.సి. యోహన్నాన్ 8.07 మీటర్లు దూకి ఆసియా రికార్డు నెలకొల్పాడు. ఎనిమిది మీటర్లు దాటిన తొలి భారతీయుడతను. జాతీయ రికార్డుగా ఆ దూరం మూడు దశాబ్దాలు నిలిచింది. మన తెలుగువాళ్లూ ఎక్కువగా బతికే బళ్లారి జిల్లాలో, విజయనగర్ శిక్షణ కేంద్రంలో, 2023 మార్చి 2న తమిళనాడు కుర్రాడు జెస్విన్ ఆల్డ్రిన్ 8.42 దూకే నాటికి దేశంలో ఏయే అవకాశాలు మారాయి, ఏవి మారలేదు అన్నది వచ్చే భాగంలో.